ఇరవై అక్షరాల రేవు

పోటెక్కడానికి ఇంకా గంట పడుతుందన్నాడు పడవాయన. అంతదాకా చొల్లంగి దగ్గర మడ అడవిలో వేసిన చెక్కదారి మీద కూర్చోవడమే పని. బెంచీకి ఒక చివర ముప్పయ్యేళ్లు చరిత్ర పాఠం చెప్పి రిటైరైన మాస్టారు, రెండో చివర ఆయన దగ్గర చదువుకున్న కవయిత్రి, మధ్యన నలభై పేజీల నోటుపుస్తకం. పుస్తకం నిండా సముద్రం మీద నానీలు, అక్కడక్కడ హైకూలు. ముందుమాట కోసం ఆమె దాన్ని ఆయనకిచ్చి నెల దాటింది. రాయనని చెప్పడానికే ఆయన ఆమెను కోరంగి రమ్మన్నారు.

"ఆ మాట ఇంట్లోనే చెప్పొచ్చు కదా మాస్టారూ?"

"ఇంట్లో చెబితే కాఫీ ఇచ్చి ఊరడించాలి. ఇక్కడైతే నాకు సాక్ష్యం ఉంది," అంటూ ఆయన ఎదురుగా ఉన్న బురదను చూపించారు. పాటు తీసిన కాలువలో నల్లటి బురద, దాంట్లోంచి పెన్సిళ్లలా పైకి లేచిన మడ వేళ్లు, వాటి మధ్య తిరిగే చిన్న చిన్న పీతలు. సాక్ష్యమంటే ఇదేనన్నమాట.

ఆయన మొదటి పేజీ తీసి, కళ్లజోడు సర్దుకుని, క్లాసులో శాసనం చదివినట్టు చదివారు.

అలలు
తీరాన్ని అడుగుతున్నాయి
నిన్నటి
పాదముద్రలేవని

"బాగుంది," అన్నారు. "దీనికొచ్చిన రోగం కూడా అదే. ఇది పూరీలో చెల్లుతుంది, గోవాలో చెల్లుతుంది, కన్యాకుమారిలో కూడా చెల్లుతుంది. ఏ ఒక్క ఊరి ఉప్పూ దీనికి అంటలేదు. పాత కావ్యాలకు పద్దెనిమిది వర్ణనలు ఉండాలనేవారు గుర్తుందా? నగరం, సముద్రం, పర్వతం, రుతువులు, చంద్రోదయం... కవి సముద్రం చూసినా చూడకపోయినా వర్ణించి తీరాలి. నువ్వూ అదే చేశావు. కాకపోతే వాళ్లు వంద పద్యాల్లో చేసిన పని నువ్వు నాలుగు ముక్కల్లో చేశావు."

ఆమె నవ్వింది కానీ ఒప్పుకోలేదు. "మొదటి పేజీలో గుమ్మం కట్టాను మాస్టారూ. లోపలికి రండి. అయినా నానీ నిడివిని తిట్టకండి. ఎన్.గోపి గారు 1997లో మొదలుపెట్టినప్పుడే దానికో కొలత పెట్టారు. నాలుగు పాదాలు, ఇరవై అక్షరాలకు తగ్గకూడదు, ఇరవై ఐదు దాటకూడదు. పడవలో ఎంత బరువు వెయ్యాలో ముందే తెలియడం లాంటిది. బరువు తెలిసినవాడే సరుకు ఏరుకుంటాడు."

"సరుకు ఏరుకుంటే మంచిదే. కానీ నువ్వు ఖాళీ పడవ తోస్తున్నావు."

మాస్టారి వాదం పైకి కనబడేంత ముతకది కాదు. పొట్టి కవిత అంటే ఆయనకు కోపం లేదు, వేమన ఆటవెలదులు ఆయనకు నోటికి వచ్చు. ఆయన బాధల్లా సముద్ర చరిత్ర గురించే. రాజుల గురించి రాసేవాడు ఏ రాజో చెప్పకుండా రాయడు. సముద్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతివాడూ అనంతం, అగాధం, ఆటుపోట్లు అని మూడు మాటలు వేసి తప్పుకుంటాడు. పొట్టి రూపం ఆ తప్పుకోవడానికి ఒక గౌరవం ఇస్తుందని ఆయన అనుమానం. తెలియనిదాన్ని చెప్పకపోవడం, తెలిసినదాన్ని అణిచి చెప్పడం రెండూ కాగితం మీద ఒకేలా కనబడతాయి.

"మరి మీకు ఏది సముద్ర కవిత్వం?"

"శ్రీనాథుడిది," అన్నారాయన వెంటనే, ఎదురు చూస్తున్నట్టు. "హరవిలాసం తీసుకో. అంకితం పొందింది రాజు కాదు, అవచి తిప్పయ సెట్టి అనే వర్తకుడు. ఆయన ఓడల మీద ఏ దేశం నుంచి ఏ సరుకు వచ్చేదో శ్రీనాథుడు ఒక్క సీసపద్యంలో దింపేశాడు. హురుముంజి గుర్రాలు, సింహళం ఏనుగులు, చీనా పట్టు. హురుముంజి అంటే పర్షియా గట్టునున్న హోర్ముజ్. ఆ పద్యంలో అల లేదు, నురగ లేదు, పాదముద్రలు అసలే లేవు. రేవుల పేర్లూ సరుకుల పేర్లూ, అంతే. చదువుతుంటే మాత్రం ఓడ దిగుమతి చేస్తున్న చప్పుడు వినిపిస్తుంది."

"అంటే ఒక్క పద్యం చాలిందన్నమాట! పదాశ్వాసాల కావ్యం అక్కర్లేకపోయింది."

"సీసం పొట్టిదేమిటమ్మా? నీ నానీలు ఐదారు దాంట్లో హాయిగా పడుకుంటాయి."

"అయితే ఇంకో సీసం చూపిస్తాను," అని ఆమె పేజీలు తిప్పింది. ఒక పేజీలో పెన్సిలుతో గీసిన గుండ్రటి బొమ్మ ఉంది. మధ్యలో ఓడ, దానికి రెండు కొయ్యలు, పక్కగా చుక్కాని తెడ్డు. శాతవాహనుల సీసం నాణెం. యజ్ఞశ్రీ శాతకర్ణి పేరుతో రెండో శతాబ్దంలో ఇలాంటివి వేశారు, తూర్పు తీరంలో దొరికాయి. కింద మూడు పాదాలు.

సీసపు నాణెం
రెండు కొయ్యల ఓడ
బొటనవేలి కింద

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన తీరు తెలిసినవాళ్లకు ఇది మెచ్చుకోలు.

"ఆ నాణెం చేసినవాడికి వేలెడు జాగా కూడా లేదు మాస్టారూ," అందామె గొంతు పెంచకుండానే. "అందులో సముద్రాన్ని చెక్కలేదు. నీళ్లంటూ చూపిస్తే ఓడ కింద నాలుగు గీతలు. కొయ్యలు మాత్రం లెక్కపెట్టి రెండు పెట్టాడు. దేన్ని వదిలెయ్యాలో, దేన్ని లెక్కపెట్టాలో వాడికి తెలుసు. నేను నేర్చుకోవాలనుకుంటున్నదీ అదే. పైగా అదే వంశపు హాలుడి పేరు మీద ఏడువందల గాథలున్నాయి, ఒక్కోటీ రెండు పాదాలే. పొట్టిగా చెప్పడం మన నేలకి జపాన్ నుంచి దిగుమతి కాలేదు."

"హాలుడి జోలికి వెళ్లకు, దెబ్బ తింటావ్. ఆ గాథల్లో పల్లెటూళ్లు, పొలాలు, గోదావరి ఒడ్డు కనబడినంతగా సముద్రం కనబడదు. రాజుగారు ఓడని నాణెం ఎక్కించారు, కవులు మాత్రం గట్టునే ఉండిపోయారు. ఇప్పటికీ మనం గట్టునే ఉన్నాం, అదే నా ఫిర్యాదు."

ఇక్కడ మాస్టారిదే పైచేయి అనుకోవాలి. వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూగా తీరం పెట్టుకుని, తెలుగు కవిత్వంలో ఓడ ఎక్కినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చేపల వేటకు వెళ్లేవాళ్ల పాటలు వేరే లెక్క. వాటిని పుస్తకాల్లోకి ఎక్కించిన వాళ్లూ తక్కువే.

ఆమె మాత్రం వెనక్కి తగ్గలేదు. "బాషో కూడా గట్టునే ఉన్నాడు కదా? 1689లో ఉత్తరాన కాలినడకన తిరుగుతూ జపాన్ సముద్రం ఒడ్డున నిలబడి సాదో దీవి వైపు చూసి హైకూ రాశాడు. మూడు పాదాలు. ఇవాళ్టికీ దాని గురించి పుస్తకాలు రాస్తున్నారు."

"ఎందుకు రాస్తున్నారు? సాదో అంటే ఏమిటో ఆ దేశంలో ప్రతివాడికీ తెలుసు గనక. జుంతోకు చక్రవర్తిని 1221లో ఆ దీవికే పంపేశారు. నిచిరెన్ అనే బౌద్ధగురువు 1271లో వెళ్లాడు. నో నాటకాలు రాసిన జెయామిని ముసలితనంలో, 1434లో పంపారు. పైగా అక్కడ బంగారం గనులు. ఆ ఒక్క పేరు పలికితే చాలు, వెనకాల నాలుగువందల ఏళ్ల ఏడుపు వచ్చి నిలబడుతుంది. నువ్వు కోరంగి అని రాస్తే ఏం నిలబడుతుంది? మన పిల్లల పాఠంలో పానిపట్టు ఉంది, కోరంగి లేదు. ఇంకో సంగతి. బాషో ఊరికే హైకూ పారేసి పోలేదు. సాదో మీద విడిగా వచనం కూడా రాశాడు, బంగారం సంగతీ అక్కడికి వెళ్లగొట్టిన వాళ్ల సంగతీ అన్నీ చెప్పి, చివర హైకూ పెట్టాడు. హైబున్ అంటారు దాన్ని. నువ్వు హైకూ తెచ్చుకున్నావు, దాని వచనం ఓడలోనే వదిలేశావు."

ఆమె ఏమీ అనలేదు. నోటుపుస్తకం అంచున పెన్నుతో ఏదో రాసుకుంది. ఆ రాసుకున్నది 'వచనం' అన్న ఒక్క మాటే.

కాసేపటికి మాస్టారే మొదలుపెట్టారు. "సరే, కోరంగి దగ్గరికే వద్దాం. పదిహేడో పేజీ. నాకు బాగా కోపం వచ్చిన పేజీ."

ఎందరు?
ఒక్కో పుస్తకంలో ఒక్కో లెక్క
సముద్రానికి
అంకెలు రావు

"ఇది 1839 గురించి కదా?"

"ఔను. నవంబరు 25."

ఆ రోజు సంగతి ఇద్దరికీ తెలుసు గనక వాళ్లు చెప్పుకోలేదు. చదివేవాళ్ల కోసం చెప్పాలి. కోరంగి అప్పటికి పేరున్న రేవు. గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట ఓడలు కట్టేవారు, దెబ్బతిన్న ఓడలకు మరమ్మతులు చేసేవారు. 1789 డిసెంబరులో వచ్చిన తుఫానులో మూడు పెద్ద అలలు ఒకదాని వెంట ఒకటి ఊరి మీదికి వచ్చాయి. ఇరవై వేల మంది పోయారని చెబుతారు. ఊరు మళ్లీ లేచింది. సరిగ్గా యాభై ఏళ్లకు 1839లో ఇంకో ఉప్పెన, నలభై అడుగుల ఎత్తున. మూడు లక్షల మంది మరణించారనీ, ఇరవై వేల ఓడలూ పడవలూ పోయాయనీ ప్రపంచ విపత్తుల జాబితాల్లో ఇప్పటికీ రాస్తారు.

"ఆ మూడు లక్షలు నేనూ నమ్మను," అన్నారు మాస్టారు. "ఈ కాస్త రేవులో అంతమంది ఎక్కడుంటారు? చుట్టుపక్కల తీరమంతా కలిపినా అనుమానమే. ఒకరు రాసింది ఇంకొకరు ఎత్తిరాసుకుంటూ వచ్చారు. నీ మొదటి రెండు పాదాలు అందుకే నిజం. మరి కోపం ఎందుకంటావా? చివరి పాదం వల్ల. 'అంకెలు రావు' అనగానే సభలో చప్పట్లు పడతాయి. చప్పట్లు దేనికి? చచ్చిపోయినవాళ్లకా, నీ చమక్కుకా? నానీకి కొసమెరుపు ఉండాలంటారు. శవాల మీద మెరుపులేమిటమ్మా?"

మాట కొంచెం గట్టిగానే పడింది. చెక్కదారి మీద ఫొటోలు తీసుకుంటున్న జంట ఒకటి వెనక్కి తిరిగి చూసి ముందుకు నడిచింది.

"నేను ఏడవాలా మాస్టారూ? దీర్ఘకవిత రాసి, పది పేజీలు ఏడిస్తే అది మర్యాద అవుతుందా?"

"ఏడవమనలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి ఏడాది కాలేదు. సహాయానికి కుర్రాళ్లని తీసుకుని వెళ్లాం. పదివేల పైచిలుకు మంది పోయారని తర్వాత లెక్క తేలింది. మేం వెళ్లేసరికి నీళ్లు తీసేశాయి. తాటిచెట్ల మీద, అందనంత ఎత్తున, చీరలు వేలాడుతున్నాయి. ఎవరో ఆరేసినట్టు." ఆయన కాస్త ఆగారు. "తిరిగొచ్చాక పత్రికకు వ్యాసం రాద్దామని కూర్చున్నాను. వారం రోజులు ఒక్క వాక్యం కూడా రాలేదు."

చాలాసేపటి తర్వాత ఆమె మెల్లగా అంది. "మీరిప్పుడు చెప్పింది మూడు పాదాలు."

"నేను చెప్పింది కవిత కాదు. జ్ఞాపకం."

"రాసుకోవచ్చా?"

"వద్దు."

ఆమె రాసుకోలేదు. పదిహేడో పేజీ మీద మాత్రం అడ్డంగా ఒక గీత పెట్టింది. ఎందుకు కొట్టేశావని ఆయన అడగలేదు. కొట్టెయ్యాల్సినంత చెడ్డ కవిత అది కాదని ఈ వ్యాసం రాస్తున్నవారి అభిప్రాయం. అయినా ఆ గీత గీసిన చేతిని తప్పుపట్టలేం.

ఆ మౌనాన్ని తెంపింది ఆయనే, పాఠం చెప్పే గొంతుతో. "ఉప్పెనల గురించి ఒక్క మాటలో చెప్పినవాడు ఒకడున్నాడు, తెలుసా? హెన్రీ పిడింగ్టన్. ఓడ కెప్టెనుగా పనిచేసి కలకత్తాలో స్థిరపడ్డాడు. తుఫానుల్లో చిక్కుకున్న ఓడల దినచర్య పుస్తకాలు తెప్పించి, గాలి ఏ గంటకు ఏ దిక్కున వీచిందో పక్కపక్కన పెట్టి చూశాడు. గాలి తిన్నగా రాదని, సుడి తిరుగుతుందని తేల్చాడు. పాము చుట్టను సూచించే గ్రీకు మాట తీసుకుని 'సైక్లోన్' అని పేరు పెట్టాడు. నావికుల కోసం రాసిన పుస్తకం 1848లో వచ్చింది. 1789 కోరంగి ఉప్పెన ఆయన రాతల్లో ముఖ్యమైన ఉదాహరణ."

"చూశారా! ఓడ డైరీల్లో ఏముంటుంది? గాలి దిక్కు, లోతు, టైము. రోజుకి రెండు ముక్కలు. అలాంటి రెండేసి ముక్కలు పక్కపక్కన పెడితే ఆయనకు పాము కనబడింది. ఆ పాముని మళ్లీ ఒక్క మాటలో చుట్టేశాడు. ఇంతకంటే పొట్టి కవిత ఉంటుందా?"

"అది కవిత కాదు, శాస్త్రం."

"మన 'ఉప్పెన' సంగతో? మూడక్షరాలు. నోట్లో పెట్టుకుంటే ముందు ఉప్పు తగులుతుంది."

మాస్టారికి నవ్వొచ్చింది. ఇద్దరూ కాసేపు పోట్లాట మానేసి చేతిపని గురించి మాట్లాడుకున్నారు. నిజానికి ఆ గంటలో పదునైన మాటలు అప్పుడే పడ్డాయి. ఆమె మసులా పడవల సంగతి ఎత్తింది. రేవు లేని కోరమండల్ తీరంలో, మద్రాసులో హార్బరు కట్టకముందు, ఓడ మీంచి మనుషుల్నీ మూటల్నీ గట్టుకు చేర్చింది ఆ పడవలే. పలకల్ని కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు, మేకు కొట్టేవారు కాదు. మేకు కొట్టిన పడవ అల దెబ్బకి విచ్చిపోతుంది. కుట్టిన పడవ ఒంగుతుంది, ఒంగి బయటపడుతుంది. "చిన్న కవితలో 'లాగా', 'వలె', 'అన్నట్టు' అనేవి మేకులు మాస్టారూ. రెండు బొమ్మల్ని పక్కపక్కన పెట్టి కుట్టాలి. మేకు కొడితే చదివేవాడి బరువుకి విరుగుతుంది." ఆయన ఈసారి అడ్డు చెప్పలేదు. అలా కుట్టినదేదైనా ఉంటే చూపించమన్నారు. ఆమె ఇరవై ఆరో పేజీ తీసి తనే చదివింది.

తెరచాప కొయ్యలు పోయాయి
బురదలోంచి
వేళ్లు మొలిచాయి
గాలి కోసం

మాస్టారు రెండుసార్లు చదివించుకుని పెదవి విరిచారు. "కొయ్యలూ నిలువుగా ఉంటాయి, వేళ్లూ నిలువుగా ఉంటాయి. చూపుకి సరిపోయింది. అంతేనా?"

జవాబు వెనక నుంచి వచ్చింది. పడవాయన ఎప్పుడొచ్చాడో, తలపాగా విప్పి మెడ తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. "రెంటికీ గాలే కదండీ," అన్నాడు. "తెరచాపకి గాలి లేపోతే ఓడ కదల్దు. మడసెట్టుకి బురదలో ఊపిరాడక ఏళ్లు పైకెడతాది, గాలి పీల్సుకోడానికి. ఆయ్, పోటొచ్చిందండి, దయసెయ్యండి."

చరిత్ర మాస్టారికి అందనిది పడవాయనకు అందిందంటే లోపం కవితదా, మాస్టారిదా? మాస్టారు ఆ ప్రశ్న దాటవేసి ముందుగా పడవ ఎక్కారు.

కాలువ నిండా ఇప్పుడు గోధుమరంగు నీళ్లు. ఇంజను పడవే అయినా మలుపుల దగ్గర పడవాయన ఇంజను ఆపి వెదురు గడ దించుతున్నాడు. ఒకచోట గడ పైకి తీసి, కొసకి అంటిన బురద చేత్తో నలిపి చూసి, పడవని ఎడమకి తిప్పాడు. మెత్తటి ఒండ్రు అయితే పర్వాలేదుట, ఇసుక తగిలితే పడవ కూర్చుండిపోతుందిట.

"పెద్ద ఓడల్లో ఇదే పని తాడుతో చేసేవారు," మాస్టారు ఆమెకు చెప్పడం మొదలుపెట్టారు. "తాడు చివర సీసం గుండు. గుండు అడుగున చిన్న గుంట, దాంట్లో కొవ్వు పూసేవారు. గుండు సముద్రం అడుగుని తాకి పైకి వచ్చేసరికి ఆ కొవ్వుకి ఇసకో, గవ్వపెంకో, బురదో అంటుకుని వచ్చేది. తాడు చూస్తే లోతు తెలుస్తుంది. అంటినదాన్ని చూసి ఏ రేవు దగ్గర ఉన్నామో అనుభవం ఉన్న సరంగు చీకట్లో కూడా..."

ఆయన వాక్యం పూర్తి చెయ్యలేదు. ఏం అందించారో ఆయనకే అర్థమైంది.

"మూడో సీసం," అందామె.

"అన్యాయం. అది నా ఉదాహరణ."

"మీదే. ఓడ కింద సముద్రమంతా ఉన్నా గుండుకి అంటేది చిటికెడే. ఆ చిటికెడు చూసి ఎక్కడున్నామో చెప్పగలిగితే చాలు. మొదటి పేజీలో నా గుండుకి ఏమీ అంటలేదు, ఒప్పుకుంటున్నాను. కొవ్వు పూయడం మర్చిపోయాను. ఆ కొవ్వు మీ చరిత్ర."

పొగడ్త అని తెలిసినా మాస్టారు కరిగిపోలేదు. చివరి పేజీ ఆయనే తీశారు. దాని గురించే రాత్రి చాలాసేపు ఆలోచించానన్నారు.

ఊరు మునిగింది
పేరు మాత్రం
రంగం రేవులో
మూటలు మోసింది

ఇది చదివితే ఆ తరం గోదావరి జిల్లాలవాళ్లకి ఏదో కదులుతుంది. రంగం అంటే రంగూన్. కాకినాడ నుంచి, విశాఖ నుంచి, భీమిలి నుంచి స్టీమర్ల మీద వేలమంది కూలికి వెళ్లారు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్లందరినీ 'కోరంగీలు' అనేవారు. శ్రీకాకుళంవాడైనా కోరంగీయే. మారిషస్‌లోనూ అదే పేరు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టడం, వాళ్ల స్థానంలో బర్మా కూలీల్ని పెట్టడం, ఆ పైన జరిగిన అల్లర్లలో తెలుగువాళ్లు ఊచకోతకు గురవడం రికార్డుల్లో ఉన్నాయి. 1942లో జపాను సైన్యం వచ్చాక మిగిలినవాళ్లు ఓడ దొరికితే ఓడ మీద, దొరక్కపోతే అడవుల్లో నడిచి వెనక్కి వచ్చారు.

"మా తాత ఎల్లాడండి రంగం," అన్నాడు పడవాయన, అడక్కుండానే. "నడిసొచ్చాడు. ఆ సంగతులు మాత్రం సెప్పేవోడు కాదు."

మాస్టారు ఆయన వైపు ఓసారి చూసి తల పంకించి, మళ్లీ పేజీలోకి వచ్చారు. "ఇది మంచి కవిత. ఇందులో చమక్కు లేదు. మూటలు మోసింది పేరు, మనిషి కాదు. మనిషి పేరు ఎవరికీ అక్కర్లేదని చెప్పకుండా చెప్పావు. కానీ ఒక తప్పుంది. నేను సంతకం పెట్టలేనంత తప్పు."

"ఏది?"

"మునిగింది అన్నావు. కోరంగి మునిగిన మాట నిజమే. రెండుసార్లు మునిగి రెండుసార్లూ తేలింది. రేవుగా దాన్ని చంపింది సముద్రం కాదు, గోదావరి. ఏటేటా ఒండ్రు తెచ్చి నోరు పూడ్చేసింది. అదిగో, ఆ ముందున్న హోప్ ఐలాండ్ కూడా నది ఇసకతో లేచిందే. ఓడలు లోపలికి రాలేక కాకినాడకి తరలిపోయాయి. జనానికి ఉప్పెన గుర్తుంటుంది, ఒక్క రాత్రిలో వస్తుంది గనక. పూడిక యాభై ఏళ్లు పడుతుంది, దాన్ని ఎవడూ చూడడు. నీ కవితా చూడలేదు."

ఆమె పెన్ను మూత తీసింది. ఒక పదం కొట్టేసి, ఇంకో పదం రాసి, మళ్లీ మొదటి మాటని కూడా కొట్టేసింది. పడవ మలుపు తిరిగేలోపు కొత్త ప్రతి తయారైంది.

రేవు పూడింది
పేరు మాత్రం
రంగం రేవులో
మూటలు మోసింది

మాస్టారు పుస్తకం లాక్కుని పైకి చదివారు. 'రేవు' రెండుసార్లు పడింది. ఒకటి పూడిన రేవు, ఒకటి కూలిపని దొరికే రేవు. మునగడంలో లేని నిదానం పూడడంలో ఉంది. రెండో రేవు చేరాక ఆ నిదానం మూటల బరువులోకి దిగింది. ఆయన ఈ వ్యాఖ్యానమంతా చెయ్యలేదు, "ఊఁ" అన్నారు. పక్కనే కూర్చున్నవాళ్లకు అది చాలు.

"ముందుమాట?"

"రాయను. ప్రతి కవిత కిందా నాలుగు వాక్యాల వచనం రాస్తాను. ఏ ఊరు, ఏ ఏడు, ఏం జరిగింది. మొదటి పేజీ తీసెయ్యాలి."

"మొదటి పేజీ మా అమ్మకి ఇష్టం మాస్టారూ."

"మీ అమ్మగారికి విడిగా ఇవ్వు."

వచనం ఆరు వాక్యాలకు మించకూడదని ఆమె, నాలుగు అన్నవాడిని ఆరెందుకు రాస్తానని ఆయన, నాలుగు అంటూనే మీరు పన్నెండు రాస్తారని ఆమె. పడవాయన ఇంజను ఆపాడు. నీళ్లు తగ్గుముఖం పట్టాయి, ఇక్కణ్ణించి వెనక్కి తిరగాలన్నాడు. మాస్టారు మాత్రం చివరి పేజీ మీదే ఉన్నారు. వేళ్లు మడుస్తూ అక్షరాలు లెక్కపెడుతున్నారు.

"ఇరవై. నీకు ఇరవై ఐదు దాకా అనుమతి ఉంది. ఇంకా ఐదు ఖాళీ. ఏడాది వేసెయ్యి. 1839 వేస్తే వచనం కూడా అక్కర్లేదు."

"అంకెలు వేస్తే నానీ కాదు మాస్టారూ, బిల్లు అవుతుంది."

"అంకెలెందుకు, పలికి వెయ్యి. పద్దెనిమిది వందల ముప్పై తొమ్మిది." మళ్లీ వేళ్లు మడిచారు. కుడిచెయ్యి అయిపోయింది, ఎడమచెయ్యి అయిపోయింది, మళ్లీ కుడిచేతికి వచ్చారు. "పదమూడు."

"ఐదే ఉన్నాయి."

"పోనీ 1789?" అని పెదవులు కదుపుతూ, పడవ వెనక్కి తిరుగుతుంటే ఒక చేత్తో అంచు పట్టుకుని, రెండో చేతి వేళ్లు బొటనవేలితో తడుముకుంటూ పోయారు. పదిహేడు, వందల, ఎనభై, తొమ్మిది.

"అదీ పదమూడే," అన్నారు.